అత్తయ్యగారి చేతికందేంత ఎత్తు

మా ఆయన తోటలో పాతిక కిలోల ఆయిల్‌పామ్ గెలను అవలీలగా ఎత్తి ట్రాక్టరులో వేస్తారు. అలాంటి మనిషికి రెండు కిలోల డ్రిల్లు ఇచ్చి "ఇక్కడొక కన్నం పెట్టండి" అంటే, "అది గుర్రుమంటే నాకు గుండె దడోయ్, వడ్రంగి మేస్త్రిని రానీ" అని తువ్వాలు భుజాన వేసుకుని తోటకు వెళ్లిపోయారు. మేస్త్రి ఉగాది వెళ్లాక వస్తానన్నాడు. ఉగాది వెళ్లింది. పెళ్లిళ్ల మంచాల పని ఉందన్నాడు. పెళ్లిళ్లూ అయిపోయాయి. "రేపు పొద్దున్నే నీ ఇంట్లోనే ఉంటానమ్మా" అన్నాడు. ఆ రేపు మీ అందరికీ తెలిసిందే.

ఆఖరికి ఆ కన్నం నేనే పెట్టాను. తర్వాత ఇంకో డెబ్బై పెట్టాను. వాటిలో పద్దెనిమిది తప్పుచోట పెట్టాను. ఆ పద్దెనిమిది కన్నాల కథే ఇది.

మాది పెదవేగి. ఏలూరుకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు. ఒకప్పుడు వేంగి పేరుతో శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన రాజధాని అని చిన్నప్పుడు పుస్తకాల్లో చదువుకున్న ఊరు ఇదే. ఇప్పుడు ఎటు చూసినా ఆయిల్‌పామ్ తోటలు, మొక్కజొన్న చేలు. మా ఇల్లు మామయ్యగారు 1986లో కట్టించారు, గోదావరికి పెద్ద వరదొచ్చిన ఏడాది. ఆ కాలపు ఇళ్లలో లాగే ప్రతి గదికీ గోడలో ఖాళీ వదిలి, అడ్డంగా మూడు కడప బండలు పెట్టి, ముందు టేకు తలుపులు బిగించారు. అదే గోడ బీరువా. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. కింది అరలోవి కావాలంటే వంగాలి. పై అరలోవి కావాలంటే స్టూలెక్కాలి. మధ్య అరల్లో వెనక ఏముందో తెలియాలంటే ముందున్నవన్నీ మంచం మీదకు దింపాలి.

అత్తయ్యగారు ఇన్నేళ్లూ అలాగే వంగి, ఎక్కి, దింపి, సర్దుకున్నారు. మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. చీర విషయంలో మాత్రం ఆమెకు ఎవరూ సాటిరారు. తెల్లవారుజామున స్నానం చేసి, ఆ రోజు ఏ చీరో తనే ఎంచుకుని, ఆరింటికల్లా అరుగు మీద కూర్చునేవారు. పాలు పోసే అబ్బాయి కూడా "మామ్మగారూ, ఇవాళ మంగళగిరా?" అని అడిగేవాడు. నైటీ అనేది ఆవిడ దృష్టిలో జ్వరమొచ్చినవాళ్లు వేసుకునేది.

నిరుడు సంక్రాంతి వెళ్లిన వారానికి పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఏలూరులో ఆపరేషన్ చేసి తుంటి బంతి మార్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒకటే మాట పదే పదే చెప్పారు. నడుము దగ్గర తొంభై డిగ్రీలు దాటి వంగకూడదు, కింద కూర్చోకూడదు, తక్కువ ఎత్తు స్టూళ్లు వద్దు, కాలు మీద కాలు వేయకూడదు, వాకర్ వదిలి నడవకూడదు.

మేం మంచం ఎత్తు పెంచాం. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు పెట్టించాం. బీరువా సంగతి ఎవరికీ తట్టలేదు. చీరేం పెద్ద విషయం, అడిగితే నేను తీసివ్వనా?

మొదట్లో అడిగేవారు. "అమ్మాయ్, ఆ నీలం నేతచీర కాస్త తీసిపెడతావా?" నేను పొయ్యి మీద పెట్టింది దించి, చేతులు తుడుచుకుని వెళ్లి తీసేదాన్ని. ఒక్కోసారి "ఇది కాదమ్మా, దానికింద జరీ అంచుది" అనేవారు. మళ్లీ దింపేదాన్ని. ముఖాన విసుగు కనిపించకుండానే చేశాననుకున్నాను. కనిపించే ఉంటుంది. నెల తిరిగేసరికి అడగడం మానేశారు. ఉతికి మంచం పక్కన కుర్చీలో పెట్టిన రెండు చీరలే మార్చి మార్చి కట్టుకోవడం మొదలుపెట్టారు. తర్వాత నైటీ, పైన తువ్వాలు. నేను అదేదో నీరసం అనుకున్నాను.

ఒక ఆదివారం మా ఆయన మేనమామ కొడుకులు కుటుంబాలతో చూడటానికొచ్చారు. అత్తయ్యగారు గదిలోంచి బయటకు రాలేదు. "నిద్రపోతోందని చెప్పు" అన్నారు. వాళ్లు టీలు తాగి, గుమ్మంలోంచి చూసి వెళ్లిపోయారు. మూసిన కళ్లతో పడుకునే ఉన్నారు. వాళ్ల కారు మలుపు తిరిగాక కళ్లు తెరిచి, "నలుగురి ముందూ నిన్ను చీర తీసిమ్మని ఎట్లా పిలవనమ్మా" అన్నారు.

ఆ రాత్రే టేపు తీసుకుని గోడ బీరువా కొలిచాను.

మామూలుగానే నా మొదటి గురువు యూట్యూబు. అందులో అమెరికా ఇల్లాళ్లు అరగంటలో గోడకు పట్టీ కొట్టి, దానికి అరలు తగిలించి, చప్పట్లు కొట్టేస్తారు. వాళ్ల గోడలు లోపల చెక్క ఫ్రేము, పైన పలక. ఆ చెక్క ఎక్కడుందో వెతికి అక్కడ స్క్రూ బిగిస్తే సరిపోతుంది. మనవి ఇటుక గోడలు, పైన ముప్పావు అంగుళం సిమెంటు. పైగా వాళ్లు వేలాడదీసేవి కోట్లూ గౌన్లూ. మన ఐదున్నర మీటర్ల చీర సంగతి వాళ్లకేం తెలుసు! కాబట్టి లెక్క నేనే వేసుకోవాల్సి వచ్చింది. చీర పన్నా దాదాపు నలభై అయిదు అంగుళాలు. పొడవంతా మడతలు పెట్టి హ్యాంగరు మీదుగా వేస్తే అటూ ఇటూ ఇరవై మూడేసి అంగుళాలు వేలాడుతుంది. హ్యాంగరు కొక్కెం, పైన చెయ్యి పట్టే జాగా కలిపితే ముప్పై అంగుళాల ఎత్తు కావాలి. మా బీరువాలో బండకూ బండకూ మధ్య ఇరవై. అంటే నడిమి బండ తీయించక తప్పదు.

అదొక్కటే నేను చేయని పని. తాపీ మేస్త్రి కటింగ్ మిషనుతో అరగంటలో కోసి తీసేశాడు. నల్లటి పొడి మాత్రం పదిహేను రోజులపాటు అప్పడాల డబ్బాలో కూడా కనిపించింది. ముందే ఆ గదిలో అన్నిటికీ పాత దుప్పట్లు కప్పండి, ఫ్యాను వేయకండి.

అసలు మాట ఆ ముందురోజు జరిగింది. బండ తీయాలంటే బీరువా ఖాళీ చేయాలి కదా. మా అమ్మాయి సెలవులకొచ్చి ఉంది. ఇద్దరం కలిసి చీరలన్నీ దింపి, హాల్లో దుప్పటి మీద పేర్చాం. పట్టువి ఒక పక్క, నేతవి ఒక పక్క, చిరిగినవి ఒక పక్క. అరవై మూడు. మేం లెక్కపెడుతూ, "ఇది ఏ పెళ్లికి కొన్నదో" అని నవ్వుకుంటున్నాం. వాకర్ చప్పుడు వినిపించింది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఆ కుప్పల్ని చూస్తున్నారు.

"నేను పోయాక చెయ్యాల్సిన పని కదమ్మా ఇది. ఇప్పుడే మొదలెట్టారేంటి?" అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే సర్దిచెప్పేదాన్ని. మా అమ్మాయి చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది. మామయ్యగారు పోయినప్పుడు ఆయన చొక్కాలు ఇలాగే, ఇదే హాల్లో, ఇలాంటి దుప్పటి మీదే పేర్చి పంచాం.

సాయంత్రానికి తాడేపల్లిగూడెం నుంచి మా వదిన ఫోను. అంటే మా ఆయన అక్కగారు. "అమ్మ చీరలు దింపారటగా?" అంది. ఆ ప్రశ్న అడిగినదొకటి, అడగనిదొకటి అని ఆడవాళ్లం కదా, మనకు వేరే చెప్పక్కర్లేదు. "వదినా, బీరువా బాగుచేయిస్తున్నాం. ఒక్క జాకెట్టు ముక్క కూడా ఎక్కడికీ పోదు. కావాలంటే మీరొచ్చి చూడండి" అన్నాను. "వస్తాలే" అంది. అన్నీ మూటలు కట్టి అత్తయ్యగారి మంచం కిందే పెట్టాను, ఆవిడ కంటి ముందు.

ఇక పని. ఇలాంటిది మీరూ చేయాలనుకుంటే నాకు తెలిసింది చెబుతాను.

మొదట చెమ్మ చూసుకోండి. మా బీరువా వెనక గోడకు అవతల స్నానాల గది. ఒక అడుగు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులుంచాను. లోపలివైపు నీటి చుక్కలు పట్టలేదు. పట్టి ఉంటే ముందు ఆ గోడ సంగతి చూసుకునేదాన్ని. చెమ్మ లేకపోయినా వెనక గోడకు ఒక్క కన్నం పెట్టలేదు, నీళ్ల పైపులు అందులోనే ఉన్నాయి గనక. అన్నీ పక్క గోడలకే. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా కూడా కన్నాలు పెట్టకండి, తీగలు ఆ దారినే వెళ్తాయి.

ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ముద్ర చదవండి. ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానికి చేసింది. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ రకం, నీటికి బాగా తట్టుకుంటుంది. స్నానాల గది పక్కన కాబట్టి రెండోదే తీసుకున్నాను. ఏలూరు వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపులో నేను "18 మిల్లీమీటర్లు, ఐఎస్ 710, రెండు షీట్లు" అంటే కుర్రాడు నా వెనక మగవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూశాడు. కొలతల కాగితం ఇచ్చి ముక్కలు కోయించుకునే తెచ్చుకున్నాను. ఇంట్లో రంపం జోలికి వెళ్లలేదు.

కొలతలు మాత్రం మూడుచోట్ల తీసుకోవాలి. పైన, మధ్యలో, కింద. మా బీరువా పైన సరిగ్గా అరవై అంగుళాలు, కింద యాభై తొమ్మిదింబావు. ఏ పాత గోడా నిటారుగా ఉండదు. అన్నిటికన్నా తక్కువ కొలతకు ఇంకో పావు తగ్గించి, నాలుగు పలకలతో డబ్బాలా బిగించి, మధ్యలో నిలువు పలక ఒకటి పెట్టి, బండ మీద నిలబెట్టాను. పక్కన మిగిలిన సందుల్లో సన్నటి ప్లైవుడ్ ముక్కలు దూర్చి, అప్పుడు గోడకు స్క్రూలు కొట్టాను. వెనక అర అంగుళం గాలి ఆడటానికి వదిలాను. మాది ఎర్రనేల, చెదలు ఎక్కువ. కోసిన అంచులకు చెదల మందు, ఆరాక రంగు, రెండూ పూశాకే బిగించాను. షీటు పైనా కిందా గట్టిగానే ఉంటుంది, చెమ్మైనా చెదైనా దూరేది ఆ కోసిన అంచులోంచే.

గోడ కన్నాలకు ఎనిమిదో నంబరు బిట్టు, అందులో దూర్చే ప్లాస్టిక్ గట్టీలు. బిట్టుకు ఎంత లోతు వెళ్లాలో అంతదగ్గర రంగు టేపు చుట్టుకోండి. ఎర్రపొడి వస్తుంటే ఇటుకలోకి దిగినట్టు, మంచిదే. బూడిదరంగు ఇసుక జలజలా రాలితే రెండు ఇటుకల మధ్య సిమెంటులో పడ్డట్టు, అక్కడ గట్టీ నిలవదు. రెండంగుళాలు పక్కకు జరగండి. నా తప్పు కన్నాల్లో ఆరు అలా పోయినవే.

మిగతా పన్నెండు?

అయిదు రోజులకు డబ్బా నిలబడింది. మధ్య పలకకు రెండు వైపులా రెండు స్టీలు రాడ్లు బిగించాను. ఒక్కో రాడ్డుకు రెండు గిన్నెలు, ఒక్కో గిన్నెకు మూడు స్క్రూలు. నేల నుంచి అరవై అంగుళాల ఎత్తు. నాకు సరిగ్గా కళ్ల ఎత్తు. నలభై హ్యాంగర్లు తెచ్చి, అత్తయ్యగారి చీరలు రంగుల వారీగా తగిలించాను. తలుపులు తీస్తే ఏలూరు బట్టల షాపులా ఉంది. ఫొటో తీసి అక్కాచెల్లెళ్లకు, తోడికోడళ్లకు, మా అమ్మకు పంపాను. పొగడ్తలకు ఫోను వేడెక్కింది.

అత్తయ్యగారిని పిలిచి చూపించాను. వాకర్ మీద నిలబడి పైనుంచి కిందిదాకా చూశారు. "బాగుందమ్మా. ఎంత కష్టపడ్డావో" అన్నారు. నేను పొంగిపోయాను.

మూడు రోజులైంది. అవే రెండు చీరలు.

నాలుగోరోజు పొద్దున్న కాఫీ ఇద్దామని వెళ్లి గుమ్మంలో ఆగాను. ఆవిడ బీరువా ముందు ఉన్నారు. ఎడమచెయ్యి వాకర్ మీద. కుడిచెయ్యి పైకెత్తి ఒక హ్యాంగరు అడుగు పట్టుకుని ఊడదీయడానికి చూస్తున్నారు. కొక్కెం రాడ్డు మీద నుంచి లేవాలంటే ఇంకా పైకెత్తాలి. రాడ్డేమో ఆవిడ తల కన్నా ఎత్తు. మునివేళ్ల మీద లేవబోయి, డాక్టరు మాట గుర్తొచ్చిందేమో, ఆగారు. చీర అంచు ఒకసారి తడిమి వదిలేశారు.

కాఫీ చల్లారిపోయింది. నేను గోడను మూడుచోట్ల కొలిచాను. చీరను కొలిచాను, బిట్టును కొలిచాను. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నానో ఆ మనిషిని కొలవలేదు. నా కళ్ల ఎత్తుకు, నా చేతుల బలానికి, నా ఫోనులో ఫొటోకు చేసుకున్నాను.

ఆ మధ్యాహ్నం చేతుల కుర్చీ తెచ్చి బీరువా ముందు వేశాను. కూర్చునే ఎత్తు ఇరవై అంగుళాలు, డాక్టరు ఒప్పుకున్న కుర్చీ. "అత్తయ్యగారూ, కూర్చుని చెయ్యి చాపండి. నొప్పి లేకుండా ఎంతవరకు వస్తే అంతవరకే" అన్నాను. "ఇప్పుడేం చేస్తావే అమ్మాయ్?" అంటూనే చాపారు. పెన్సిలు గీత గీశాను. కిందికి, వంగకుండా ఎంతవరకు? ఇంకో గీత. తర్వాత వాకర్ పట్టుకుని నిలబడి ఒక్క చేత్తో. మూడో గీత. పిల్లల ఎత్తులు గీసుకున్న గుమ్మం పక్కనే ఇప్పుడు ఆవిడ గీతలు. కూర్చుంటే ఇరవై ఏడు అంగుళాల నుంచి నలభై అయిదు దాకా. నిలబడితే నలభై ఆరు. ఆవిడ బీరువా అంటే ఇంతే. మిగతాదంతా ఎంత అందంగా ఉన్నా గోడే.

"మరి వేలాడదీయడం ఎట్లా?" అని నేను తలపట్టుకుంటే ఆవిడే అన్నారు. "ఈ కొక్కేలెందుకమ్మా? మా పుట్టింట్లో దండెం ఉండేది. మడిచి దండెం మీద వేస్తే, కింద అంచు పట్టుకు లాగితే వచ్చేసేది."

అత్తయ్యగారి పుట్టిల్లు కొల్లేటి లంకల వైపు. వరద నీళ్లు ఇంట్లోకొస్తే మంచి చీరల ట్రంకుపెట్టె అటకెక్కేదట, కట్టుకునేవి దండెం మీదే ఉండేవట. నాకు పెళ్లై ఇరవై ఆరేళ్లు. ఈ సంగతి మొదటిసారి విన్నాను. అడిగితే కదా చెప్పడానికి.

రాడ్లు విప్పేశాను. అవే ఆ పన్నెండు కన్నాలు. కుడివైపు రాడ్డు నలభై ఆరు అంగుళాలకు దించి, హ్యాంగర్లు లేకుండా మూడు రోజువారీ చీరలు దండెం మీద వేసినట్టు వేశాం. హ్యాంగరు పోయింది కాబట్టి ఇరవై మూడు అంగుళాలు వేలాడినా కింది బండకు తగలదు. ఎడమవైపు రాడ్డు బదులు మూడు సొరుగులు. ఇరవై ఏడు, ముప్పై మూడు, ముప్పై తొమ్మిది అంగుళాల ఎత్తుల్లో. ముందు పలక మూడే అంగుళాలు ఉంచాను, లాగగానే అంచులన్నీ కనపడాలని. వాటి పైన నలభై అయిదు దగ్గర ఒక అర. అద్దం, తిలకం, కళ్లజోడు, విష్ణు సహస్రనామం పుస్తకం దాని మీద.

సొరుగులకు బాల్‌బేరింగు ఛానెళ్లు వేశాను. వేలితో లాగితే వచ్చేస్తాయి, అదే ఇక్కడ ముఖ్యం. ఛానెలుకు అటు అర అంగుళం, ఇటు అర అంగుళం. అంటే సొరుగు వెడల్పు లోపలి ఖాళీ కన్నా సరిగ్గా ఒక అంగుళం తక్కువ ఉండాలి. నూలుపోగంత ఎక్కువైనా బిగుసుకుంటుంది, ఎక్కువ తగ్గిస్తే ఊడుతుంది. ఇంకొకటి, సొరుగు బయటికొచ్చేటప్పుడు బీరువా తలుపుకు తగలకుండా పక్కన జాగా ఉందో లేదో ముందే తలుపు తెరిచి చూసుకోండి. నేను రెండో సొరుగు బిగించాక చూసుకున్నాను. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని మట్టం చూసే బాధ్యత తీసుకున్నారు. "బుడగ నీ వైపుకు పోతోందమ్మాయ్" అంటుంటే నేను స్క్రూ తిప్పేదాన్ని. పాత కన్నాలు లప్పంతో పూడ్చి రంగు వేశాను. దగ్గరికెళ్లి చూస్తే ఇప్పటికీ తెలుస్తాయి.

మొత్తం ఖర్చు డ్రిల్లుతో కలిపి పదహారు వేల చిల్లర. వడ్రంగి మేస్త్రి నలభై వేలు చెప్పాడు. ఆయన వచ్చి ఉంటే కన్నాలు వంకర పోయేవి కావు, పని రెండు రోజుల్లో అయిపోయేది. కానీ ఆయన కూడా రాడ్డు అరవై అంగుళాలకే పెట్టేవాడేమో.

సర్దేటప్పుడు మా వదిన వచ్చింది. చెప్పినట్టే, తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్న రైలుకి. నేనూ మా అమ్మాయీ చీరలు ముట్టుకోలేదు. మూటలు విప్పి అత్తయ్యగారి ఒళ్లో ఒక్కోటీ పెట్టాం. ఆవిడ చూసి, తడిమి, "ఇది పైసొరుగు, ఇది నడిమిది, ఇది ఇనప బీరువాలోకి" అని చెప్పారు. పట్టుచీరల పాత మడతలు విప్పి, కొత్తచోట మడత పడేలా మార్చి మడిచాం. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. పాత పంచె ముక్కల్లో చుట్టాం, కలరా ఉండలు జరీకి తగలకుండా విడిగా గుడ్డలో కట్టి మూలన పెట్టాం. సొరుగుకు ఎనిమిదేసి చీరలు, అంతకుమించి పెడితే బరువు. మిగిలినవి కాలం మారినప్పుడు మార్చుకోవచ్చు.

ఒక కుంకుమరంగు గద్వాల చీర దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. మా వదిన కూడా దానికేసి చూసింది. చిన్నప్పుడు వాళ్లమ్మ అది కడితే పక్కన కూర్చుని అంచు లెక్కపెట్టేదట. అత్తయ్యగారు ఇద్దరి ముఖాలూ చూశారు. "ఇది నాకే. నేనింకా కడతాను" అని పైసొరుగులో పెట్టించారు. మా వదిన ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. "కట్టమ్మా, నువ్వు కడితే చూడ్డానికే కదా నేనొచ్చింది" అంది. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, "ఆ సొరుగుల కొలతలు రాసి పంపు, మా అత్తగారికీ మోకాళ్లు వంగట్లేదు" అంది. మా మధ్య అంతకన్నా పెద్ద మాటలు అక్కర్లేదు.

ఇప్పుడు తెల్లవారుజామున అయిదున్నరకు నాకు మెలకువ వచ్చేది ఛానెలు చప్పుడుకు. సర్రున రావడం, కాసేపు నిశ్శబ్దం, టక్కున మూసుకోవడం. ఒక్కోరోజు ఆ నిశ్శబ్దం అయిదు నిమిషాలుంటుంది. ఆ రోజు ఏ చీరో తేలట్లేదన్నమాట. నేను లేవను. ఆరు దాటాక వాకర్ చప్పుడు అరుగు వైపు వెళ్తుంది. మొన్న పాలబ్బాయి "మామ్మగారూ, వెంకటగిరా?" అంటుంటే వంటింట్లోకి వినపడింది.

ఒక్క పని మిగిలిపోయిందని వారం కిందట చెప్పారు. "అమ్మాయ్, కింద సొరుగుకి తాళం పెట్టగలవా?"

పెట్టాను. ముందు పలకకు లోపలివైపు చెక్క అతికించి, గుండ్రటి కన్నం కోసి, చిన్న సొరుగు తాళం బిగించాను. ఈసారి కన్నం మొదటిసారే సరిగ్గా కుదిరింది. రెండు తాళంచెవులు వచ్చాయి. ఒకటి నా దగ్గర ఉంచుకోమంటారేమో అనుకున్నాను. రెండూ తీసుకుని బొడ్లో దోపుకున్నారు.

అందులో ఏముందో నాకు తెలియదు. అడగలేదు కూడా.